మస్తు కాళ్ల గుర్రం

మా సిరిసిల్లలో షోలాపూర్ పోయి వచ్చినవాణ్ని ఎవరూ వేలెత్తి చూపించనక్కర్లేదు. భుజాన మందపాటి చద్దరు ఉంటుంది. మాటకు ముందొక మరాఠీ ముక్క ఉంటుంది. పిలవని ఇళ్లకు కూడా పోయి అక్కడి కరెంటు దీపాల సంగతి చెబుతుంటాడు. అలాంటివాళ్లను చూసి పదేళ్లుగా కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నవాణ్ని నేను. మొన్న శ్రావణంలో నేనూ పోయి వచ్చాను. పోనివాళ్లు అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను. అక్కడంతా బంగారమని మాత్రం నాచేత చెప్పించలేరు.

నేను నేతవాణ్ని, నక్షలు గీస్తాను. నక్ష అంటే గళ్ల కాగితం మీద వేసే బొమ్మ. ఒక్కో గడి ఒక్కో పోగు. రంగు నింపిన గడి దగ్గర పోగు పైకి లేస్తుంది, ఖాళీ గడి దగ్గర కిందే ఉంటుంది. ఆ కాగితాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టి, ఆ అట్టలను మగ్గం మీది జకార్డు యంత్రానికి తగిలిస్తే బొమ్మ బట్టలోకి దిగుతుంది. నా నెమలి అంచు కట్టని పెళ్లికూతురు మా తాలూకాలో తక్కువ. ఇది గొప్పకు చెప్పడం లేదు అందామనుకున్నాను గాని, గొప్పకే చెబుతున్నాను.

నా సడ్డకుడు సత్తయ్య, అంటే నా భార్య బాలవ్వ చెల్లెలి మొగుడు, షోలాపూర్‌లో ఉంటాడు. మా అత్తకు కొడుకుల్లేరు. పెద్దల్లుణ్ని నేను ఇల్లరికం వచ్చాను. చిన్నల్లుడు సత్తయ్య దొర గడిలో, అంటే ఆయన కోటలాంటి ఇంట్లో, వెట్టికి పిలుపు వచ్చిన మరునాడే పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఊరు విడిచి పారిపోయాడు. ఆనాడు అత్త వాణ్ని తిట్టని తిట్టు లేదు. ఈనాడు ఏ పండుగ వచ్చినా “మా షోలాపూర్ అల్లుడు” అంటుంది. ఆమె ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న అల్లుడికి ఏ ఊరి పేరూ లేదు.

ఆషాఢంలో, నూలు తెచ్చే మనిషి ఒక కబురు మోసుకొచ్చాడు. సత్తయ్య పనిచేసే కార్ఖానాలో నక్షలు గీసే ముసలాయన కాలం చేశాడట. ఆయన కుర్చీ ఖాళీగా ఉందట. బొంబాయి వ్యాపారి ఒకాయన అమెరికాకు పంపడానికి అక్కడి గుర్రాల బొమ్మతో చద్దర్లు కావాలన్నాడట. ఆ గుర్రం జాతి పేరు మస్టాంగు. మంచి గుర్రం గీసినవాడికి ఆ కుర్చీ. “మీ సత్తయ్య గూడ గీస్తుండు” అని పోతూ పోతూ ఒక మాట వేసి పోయాడు.

సత్తయ్యా! ఆవును గీయమంటే బల్లిని గీసే మనిషి. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

“నువ్వు పొయ్యి ఆ కుర్చీల కూసో,” అంది బాలవ్వ. “ఎన్కనే నేనొస్త. ఎన్నేండ్లు మా అవ్వ ఇంట్ల ఉంటం? నా సొంత పొయ్యి మీద నేను ఎప్పుడు వండుకోవాలె?”

ఆ కుర్చీ కోసమే పోయాను. ఊళ్లో మాత్రం మార్కండేయ స్వామి రథం చూసి వస్తానని చెప్పాను.

వాడి జంక్షన్

హైదరాబాదు దాకా బస్సు, అక్కణ్నుంచి రైలు. వాడిలో దిగి బండి మారాలి. ఆ ప్లాట్‌ఫారం మీద సగం మంది మనవాళ్లే. మగ్గాలు విప్పి మోపులు కట్టుకుని, రాట్నాలు చంకన పెట్టుకుని పోతున్నారు. అందరిదీ ఒకటే దారి.

నా గుర్రం నక్షను వెదురు గొట్టంలో చుట్టి తెచ్చుకున్నాను. గోడకు ఆనుకుని ఒక కునుకు తీసి లేచేసరికి గొట్టం పక్కన లేదు. చూస్తే నా పక్కన కూర్చున్న ఒకావిడ దాన్ని తన చంటిబిడ్డ తల కింద పెట్టింది.

“ఏమమ్మా, అది దిండా?”

“కాదా? మరేమున్నది అండ్ల?”

“గుర్రం.”

ఆమె గొట్టాన్ని ఎత్తి ఒక కన్ను మూసి లోపలికి చూసింది. “మస్తు సన్నగున్నది నీ గుర్రం. దాణ ఏస్తలేవా?” అంది.

ఆమెది నిజామాబాదు దిక్కు. బిడ్డను తీసుకుని ఒక్కతే షోలాపూర్ పోతోంది. అక్కడ ఎవరున్నారని అడిగాను. “ఎవ్వలు లేరు. ఉన్నోళ్లతోని ఉన్నకాణ్నే సాలైంది. బీడీలు సుట్టుకుంట బతుకుత” అంది. మూట విప్పి నాకు సగం మక్క రొట్టె, మీద ఎల్లిపాయ కారం పెట్టింది. ఎవరూ లేని ఊరికి పోతూ అంత నిశ్చింతగా నమిలే మనిషిని నేను చూడలేదు. నేను పక్క ఊరికి పోయినా ముందు ఎవరి ఇంట్లో దిగాలో, వాళ్లకు నా మీద ఏం కోపాలున్నాయో ఆలోచించుకుని గాని బయల్దేరను. రొట్టె బాగుంది. ఆమె నిశ్చింత మాత్రం నాకు మింగుడు పడలేదు.

షోలాపూర్ స్టేషన్ బయట

చాయ తాగి హాలీ రూపాయి ఇస్తే కొట్టువాడు తీసుకోలేదు. కల్దారు, అంటే ఇంగ్లీషువాళ్ల రూపాయి, ఇమ్మన్నాడు. మా నిజాం రూపాయిని అంగీ బొత్తాన్ని చూసినట్టు తిప్పి చూసి నా చేతిలో పెట్టాడు. మొదటి అవమానం అక్కడ జరిగింది.

రెండోది ఇంకా బాగుంది. ఒక పెద్దమనిషిని “బస్ ఎక్కడ?” అని అడిగాను. ఆయన ఎంతో మర్యాదగా “బసా, బసా” అని ఒక బల్ల చూపించాడు. బస్సు అక్కడికే వస్తుందనుకుని కూర్చున్నాను. ఎండ నా మోకాళ్ల మీదికి వచ్చినా బస్సు రాలేదు. చివరికి ఒక టాంగా ముసలాయన నవ్వుకుంటూ దగ్గరికి వచ్చాడు. “మియా, మరాఠీల బసా అంటే కూసోమని. ఆయన కూసోమన్నడు, నువ్వు కూసుంటనే ఉన్నవు. సాయంత్రం దాక కూసుంటవా, మీ తెలుగోళ్లుండే కొంతం చౌక్ తోలుకపోనా?”

ఆయన పేరు మహబూబ్. గోధుమరంగు ఆడగుర్రం, పేరు రాణి. దారిలో, ఊరికే మాటకు, మస్టాంగు అనే గుర్రం ఎరుకేనా అని అడిగాను. ఆయన పగ్గం లాగి టాంగా నడిరోడ్డు మీద ఆపేశాడు.

“ఎవలు జెప్పిండ్రు నీకా పేరు?”

మహబూబ్ మొన్నటి యుద్ధంలో బర్మా దాకా పోయాడట. కంచర గాడిదల దండులో వాటిని చూసుకునే సాయీసు పని. పక్క దండులో అమెరికా సిపాయి ఒకడు ఉండేవాడట. వాడి తాత ఆ గుర్రాలను తాడు వేసి పట్టేవాడట.

“అసలు అమెరికాల గుర్రమే లేకుండె మియా, పాతకాలంల. స్పెయినోళ్లు ఓడలేసుకొని వచ్చిండ్రు, వాళ్లతోని గుర్రాలు దిగినయ్. ఇగ గుర్రం సంగతి నీకెరుకే గదా, కట్టు తెంపుకుంటె ఆగుతదా? కొన్ని పారిపోయినయ్, కొన్నిటిని అక్కడి కొండోళ్లు తోలుకపోయిండ్రు, కొన్నిటిని ఇడిసిపెట్టిండ్రు. అడివిల పిల్లలు పెట్టినయ్. ఆ పిల్లలకు పిల్లలు. తాతముత్తాతలు పెంపుడు గుర్రాలే, గని వీటికి మనిషి వాసనే ఎరుక లేదు.”

“ఎట్లుంటయ్ చూడడానికి?”

“ఏమంత పెద్దగ ఉండయ్. పొట్టిగ, గట్టిగ ఉంటయ్. రంగంటవా, ఎర్రయి, నల్లయి, బూడిదయి, మచ్చలయి, అన్ని కలిసినయ్. ఎవడు జోడు చూసి కట్టిండు గనక? డెక్కలు మాత్రం రాయి తీరుగుంటయ్, లాడం అక్కర్లేదు. ఎండు గడ్డి, ముండ్ల తుప్ప, ఏది దొరికితె అది తింటయ్. మంచు పడితె కాలుతోని తవ్వి తింటయ్.” ఆయన నావైపు తిరిగి వేలు చూపించాడు. “ఇంకొకటి ఇను. గుంపుకు ముందుగాల నడిచేది ఆడగుర్రం. నీళ్లు ఎక్కడున్నయో దానికే ఎరుక. మగది ఎన్క ఉండి కావలి కాస్తది.”

“మరి ఆ పేరుకు అర్థం?”

“ఆ సిపాయే జెప్పిండు. స్పెయినోళ్ల మాటట. ఎవనిదో తెల్వని పశువు. ఇక్కడ కొండ్‌వాడ అంటరు, మీ దిక్కు ఏమంటరు దాన్ని?”

“బందెలదొడ్డి.”

“ఆ, అండ్ల తోలుతరు సూడు మాలిక్ లేని పశువును, అదే మస్టాంగ్. దాన్ని పట్టుకుంటె మొదలు దాణ ముట్టదట. కొన్ని అట్లనే సస్తయట.” ఆయన తన రాణి వీపు మీద చెయ్యి వేసి, “ఇది జూడు, లాడం అరిగితె అడుగు తియ్యది” అని మళ్లీ తోలాడు.

కిరాయి కాస్త ఎక్కువే అడిగాడు. ఇచ్చేశాను. సత్తయ్యకు తెలియనిది నాకు తెలిసిందన్న సంతోషానికి ఆ మాత్రం ఇవ్వవచ్చు.

కొంతం చౌక్

చౌక్‌లో దిగితే పరాయి ఊళ్లో దిగినట్టే లేదు. నూలు కొట్టు దగ్గర మన తెలుగు, కూరగాయల బండి దగ్గర మన తెలుగు, తగాదా కూడా మన తెలుగే. గోడల వెంట అద్దకం నూలు చిలపలు ఎర్రగా, పచ్చగా ఆరేసి ఉన్నాయి. సందుల్లో నుంచి మగ్గాల చప్పుడు. వీధి దీపాలు పగలు కూడా ఒకటి రెండు వెలుగుతున్నాయి, ఆర్పడం మరిచిపోయారట. మా ఊళ్లో రాత్రి వెలిగించడానికే దిక్కు లేదు, ఇక్కడ పగలు మరిచిపోతారు! ఆ దీపం మీద నాకు వచ్చినంత కోపం మనుషుల మీద కూడా రాలేదు.

ఊళ్లో అంబవ్వగా ఉన్న నా మరదలు ఇక్కడ అంబుబాయి అయింది. గడప దగ్గర ఒళ్లో చాట పెట్టుకుని, నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట దించకుండానే అరిచింది.

“అగో, బావొచ్చిండు! ఏంది బావా, గింత సన్నగైనవు? మా అవ్వ తిండి పెడ్తలేదా?”

అందరూ నవ్వారు. ఇల్లరికపు అల్లుడితో ఆడే పరాచికమే గాని, సూది ఎక్కడ గుచ్చాలో దానికి చిన్నప్పటినుంచీ తెలుసు.

తిండి సంగతి రాయకుండా ఉండాలనుకున్నాను. ఉండలేను. జొన్న రొట్టెను పల్చగా చేసి, నిప్పుల సెగ మీద ఎండబెట్టినట్టు కాలుస్తారు. అప్పడంలా విరుగుతుంది, వారమైనా చెడదు. కడక్ భాకరి అంటారు. దాంతో పల్లీల చట్నీ, అంటే పొడే, రోట్లో నూనె వచ్చేదాకా దంచింది. మీద గడ్డపెరుగు. మా సర్వపిండిని మించినది లేదని నేను ఇన్నాళ్లూ అనేవాణ్ని. ఇప్పుడు కూడా అంటాను. కాకపోతే ఆ మాట అనే ముందు ఆ చట్నీ గుర్తొస్తుంది.

ఇక్కడి ఆచారం ఒకటి నాకు కొరుకుడు పడలేదు. బీడీల డబ్బు ఆడవాళ్ల చేతికే వస్తుంది, వాళ్ల కొంగునే ముడిపడుతుంది. మగ్గం ఆగిన నాడు ఆ ముడి విప్పితేనే పొయ్యి రాజుకుంటుంది. ఈ ఇల్లు తీసుకోవాలన్నది అంబుబాయి. కార్ఖానా మారమన్నది అంబుబాయి. సత్తయ్య తలూపుతూ వెనక నడిచాడు. మా బాలవ్వ పొద్దస్తమానం నాకు నూలు కండెలు చుడుతుంది, ఆ పనికి కూలి ఉంటుందని మాకు ఇద్దరికీ తోచనే లేదు. టాంగా ముసలాయన చెప్పిన గుంపు నాకు అక్కడే కనబడింది. ఊరి పశువులే, కట్టు తెంపుకుని వచ్చి, ఏది దొరికితే అది తిని గట్టిపడ్డాయి. కట్టుగొయ్య దగ్గర నున్నగా మేస్తున్నవాణ్ని నేను.

సాయంత్రం సత్తయ్య పని నుంచి వచ్చాడు. జుట్టు నిండా దూది పింజలు. “అన్నా!” అని నన్ను వాటేసుకున్నాడు. మనిషి నిజంగానే సంతోషపడ్డాడు. నేను అతని భుజం మీదుగా ఇల్లంతా చూశాను, ఎక్కడైనా కారుతుందేమోనని. ఎక్కడా కారడం లేదు.

కుంఠా నాకా

కార్ఖానా కుంఠా నాకా దగ్గర. చేతిమగ్గాలు ఒక వరుస, కరెంటు మగ్గాలు ఒక వరుస. కరెంటువి మొదలైతే మాట వినబడదు. అందుకని అక్కడివాళ్లు ఇంట్లో కూడా అరుస్తూనే మాట్లాడతారు. యజమాని గంగారాం శేట్ మనవాడే, తాతల నాడు వచ్చినవాడు. తెలుగు మన యాసే గాని మధ్య మధ్య మరాఠీ దొర్లుతుంది.

“యా పావ్నే, యా!” అన్నాడు. పావ్నే అంటే చుట్టం. “చహా తాగుండ్రి. మీ నెమలి అంచు నేను జూసిన. మీ గుర్రం జూపుండ్రి.”

గొట్టం లోంచి నా నక్ష తీసి బల్ల మీద పరిచాను. ఒకటే గుర్రం, నిండైన గుర్రం. టాంగా ముసలాయన మాట విన్నాక రాత్రికి రాత్రే జూలు పెంచాను, కాళ్లు కాస్త పొట్టి చేశాను, డెక్కలు గట్టి చేశాను. లాడం తీసేశాను కూడా. గర్వంగా పక్కకు జరిగాను.

శేట్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. “నక్కీ మంచిగున్నది” అన్నాడు. నక్కీ అంటే నిజంగానే. “గని పావ్నే, గీ కళ్లెం ఎవలు పట్టుకున్నరు?”

చూశాను. గుర్రం మూతికి కళ్లెం ఉంది. కళ్లానికి పట్టు కుచ్చు కూడా ఉంది. నేను పుట్టి బుద్ధెరిగి దగ్గరగా చూసిన గుర్రమల్లా పెళ్లి ఊరేగింపు గుర్రం. మాలిక్ లేని పశువు అని చెవులారా విని కూడా, ఆ కళ్లెం నా కంటికి గుర్రం ముక్కు లాగే, చెవి లాగే కనబడింది. మగ్గాలవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి నవ్వడం మొదలుపెట్టారు. “పెండ్లికొడుకు దిగిపొయ్యిండా?” అన్నాడొకడు.

పుండు మీద కారం చల్లినట్టు, అప్పుడే సత్తయ్య తన నక్ష తెచ్చి పక్కన పరిచాడు. ఐదు గుర్రాలు, ఒకదాని మీద ఒకటి పడి పోతున్నాయి. తలలు వంకర, ఒక తోక ఎవరిదో తెలియదు. నేను తప్పు కోసమే వెతికాను, అది వెంటనే దొరికింది.

“సత్తయ్యా, ఐదు గుర్రాలకు కాళ్లెన్ని ఉండాలె?”

“ఇరవై.”

“నీ కాగితంల లెక్కపెట్టు. ముప్పై దాటినయ్!”

శేట్ వంగి చూశాడు. మగ్గాలవాళ్లు వంగి చూశారు. సత్తయ్య బిత్తరపోయి ఆయన ముఖం చూశాడు.

“మీరే గదా శేట్ అన్నరు, మస్త్ టాంగ్ గుర్రాలని. టాంగ్ అంటె కాలు. మస్తు కాళ్లు పెట్టిన.”

ఆ పూట కార్ఖానాలో పని ఆగిపోయింది. శేట్ నవ్వీ నవ్వీ దగ్గు పట్టుకుని నీళ్లు తెప్పించుకున్నాడు. మరాఠీవాడైతే మస్త్ టాంగ్ అంటే మంచి కాళ్లనుకుని ఊరుకునేవాడు. మస్తు అంటే బోలెడని తీసుకుని, బోలెడు కాళ్లు పెట్టగలవాడు మన తెలంగాణ నేతగాడొక్కడే. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. నవ్వుతూనే స్పెయిను ఓడల దగ్గర్నుంచి బందెలదొడ్డి దాకా అంతా వాళ్లకు విప్పి చెప్పాను. చాలా రోజులకు నా కడుపు చల్లబడింది.

“బొంబాయి భాయ్ ఎల్లుండి వస్తడు,” అన్నాడు శేట్ కళ్లు తుడుచుకుంటూ. “పావ్నే, మీరు ఎరుకున్నోళ్లు. రేపు సుట్టి, ఇక్కడ ఎవలుండరు. కూసోని ఈ గుంపుకు కాళ్లు దిద్దుండ్రి. దిద్దింది భాయ్‌కి చూపిస్త. ఆ కుర్చీ మీదే.”

సత్తయ్య ముఖం ఒక్కసారి వాడిపోయింది. అంతే. మరుక్షణం తన రంగుల పెట్టె, కొత్త గళ్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. “కాళ్ల సంగతి నీకే తెలుస్తది అన్నా” అన్నాడు. కోపమైనా తెచ్చుకోవద్దా మనిషి! ఆ మంచితనం కూడా నా నుంచి ఏదో లాక్కున్నట్టే అనిపించింది.

సుట్టి రోజు

సుట్టి అంటే సెలవు. కార్ఖానాలో చప్పుడు లేకపోతే చెవులు మూసుకుపోయినట్టు ఉంది. ముసలాయన కుర్చీలో కూర్చున్నాను. చేతులు అరిగి నున్నబడిన కుర్చీ. బాలవ్వ ఈ ఊళ్లో ఏ సందులో ఇల్లు అడుగుతుందో, కడక్ భాకరి ఎన్నాళ్లకు నేర్చుకుంటుందో ఆలోచిస్తూ సత్తయ్య గుర్రాలను కొత్త కాగితం మీదికి దించడం మొదలుపెట్టాను. గుర్రానికి నాలుగు కాళ్లు. ఏ కాలు ఎవరిదో తేల్చి, మిగిలినవి వదిలేశాను. వంకర తలలు సరిచేశాను. తోకను దాని యజమానికి అప్పగించాను. మధ్యాహ్నానికి పని అయిపోయింది. తప్పు పట్టడానికి గోరంత సందు లేదు.

నక్షను దగ్గర నుంచి చూస్తే గళ్లే కనబడతాయి. గోడకు అంటించి, దూరం నుంచి కళ్లు సగం మూసి చూడాలి. ఇది మా పనిలో అందరికీ తెలిసిందే. రెండింటినీ పక్కపక్కన గోడకు పెట్టి, గుమ్మం దాకా వెనక్కి నడిచాను.

నా గుర్రాలు నిలబడి ఉన్నాయి. మెడలు ముందుకు సాచి, కాళ్లు ఎత్తి, నిలబడి ఉన్నాయి. ఐదు మట్టి బొమ్మలను వరుసగా పెట్టినట్టున్నాయి. పక్క కాగితం మీదివి పోతున్నాయి. ఏ కాలు ఎవరిదో చూసేలోపే దాటిపోతున్నాయి, కింద దుమ్ము లేస్తున్నట్టు కూడా అనిపించింది. దుమ్ము గీయలేదు సత్తయ్య. ఆ అదనపు కాళ్లే దుమ్ము.

దగ్గరికి పోయి జూలు వెనక్కి వంచాను. తోకలు లేపాను. వెనక్కి నడిచి చూశాను. నిలబడే ఉన్నాయి. ఇంకోసారి దిద్దాను. నాకు తెలిసిన విద్య అంతా అయిపోయింది గాని ఆ గుర్రాలు కదలలేదు.

అంబుబాయి కట్టిచ్చిన భాకరి మూట పట్టుకుని సత్తయ్య వచ్చాడు. గోడ వైపు చూశాడు. “మంచిగ సాఫ్ అయింది అన్నా” అన్నాడు. మొహమాటానికి అన్న మాట కాదు, అతనికి నిజంగా అలాగే కనబడింది.

“నిజం చెప్పు,” అన్నాను. “మస్తు కాళ్లని అనుకొనే గీసినవా?”

“మొదలు గట్లనే అనుకున్న. ఐదారు కాళ్లు ఎక్కువ పెట్టిన. ఎన్కకు పొయ్యి చూస్తె జర ఉరికినట్టు కొట్టింది. ఇంకో రెండు పెట్టిన, ఇంక ఉరికినయ్. ఇగ ఆగబుద్ధి కాలె అన్నా.” నవ్వాడు. “తప్పని నాకేమెరుక?”

పదేళ్లుగా అతని ఇంటిని చూసి ఏడ్చాను, దీపాలను చూసి ఏడ్చాను, అత్త నోట అతని పేరు విని ఏడ్చాను. అవన్నీ పైపై మంటలు. ఆ మధ్యాహ్నం వచ్చింది అసలు మంట. ఆవును గీయమంటే బల్లిని గీసేవాడికి అది వచ్చింది, నాకు రాలేదు. నా నెమళ్లు కూడా అన్నీ నిలబడే ఉంటాయని అప్పుడే గుర్తొచ్చింది.

సాయంత్రం శేట్ వచ్చాడు. నేను దిద్దిన కాగితాన్ని అప్పటికే నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాను. సత్తయ్యది ఒక్కటే గోడ మీద ఉంది.

“ఏంది పావ్నే, దిద్దలేదా?”

“దిద్దేది ఏం లేదు శేట్. కాళ్లు సరింగనే ఉన్నయ్.”

“నిన్న మీరే గదా అంటిరి?”

“నిన్న దగ్గరికెల్లి చూసిన. మీరు గుమ్మంల నిలవడి చూడుండ్రి.”

శేట్ గుమ్మంలోకి పోయి కళ్లు సగం మూశాడు. “అరే బాప్రే” అన్నది మాత్రం వినబడింది.

ఇది నా మంచితనం అనుకునేరు. ఆ చచ్చిన గుర్రాలు నా పేరు మీద ఓడెక్కి అమెరికా పోతే, బతికిన గుర్రాలను రోజూ చూసేవాళ్లు వాటిని కప్పుకుంటారు. ఆ సిగ్గు కన్నా ఈ కడుపుమంటే నయమనిపించింది. శేట్ ఒక చేతిమగ్గం ఖాళీ ఉంది, కూర్చుంటారా అని కూడా అడిగాడు. కూర్చుంటే మొదట నేయవలసింది సత్తయ్య నక్షే. సామానుంది, ఇల్లుంది, అత్త ఒక్కతే ఉంది అని ఏవో చెప్పాను.

తిరిగి సిరిసిల్ల

మార్కండేయ స్వామి రథం చూశాను, అబద్ధం ఆడినట్టు కాకుండా. రథం వెంట బండి మీద మగ్గం పెట్టి, అది నడుస్తుండగానే స్వామికి బట్ట నేస్తారు. చూసి తీరవలసిందే. పోయేవాళ్లు కల్దారు నాణేలు తీసుకుపోండి. బస్ అని అడగకండి.

అత్త గడపలోనే ఎదురై చిన్నల్లుడు చిక్కాడా, ఒళ్లు చేశాడా అని అడిగింది. చేశాడన్నాను. ఊళ్లోవాళ్లు వచ్చారు, భాకరి గురించి, దీపాల గురించి చెప్పాను. అందరూ పోయాక బాలవ్వ రాట్నం ముందు కూర్చుంది. కండె చుడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“కుర్చీ సంగతేమైంది?”

“ఇంకా తేలలె. బొంబాయాయన చూడాలె.”

“ఊఁ.” రాట్నం తిరుగుతోంది. “మా చెల్లె మొగని గుర్రాలు ఎట్లున్నయ్ మరి?”

వాడికేం వచ్చు అనాలి. పదేళ్లుగా అదే అన్నాను, నోటికి అలవాటైన మాట. కాళ్లెక్కువ అనాలి, అది నిజం కూడా.

“ఉరుకుతున్నయే” అన్నాను.

పోగు తెగి రాట్నం ఆగింది. బాలవ్వ తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. సత్తయ్య గురించి నా నోట మంచి మాట వినడం ఆమెకు అదే మొదటిసారి.

“గంత మంచిగున్నయా?” అంది.

ఆమె తెగిన పోగును వెతికి పట్టుకుని ముడివేసింది.

“ఐతె మనం పోమన్నట్టే” అని, మళ్లీ రాట్నం తిప్పింది.